లక్ష్మణమ్మ అయిదో ఆప్షన్

గుల్లలపేట రేవులో లక్ష్మణమ్మ ముఖం చూసి ఆమె మనసులో ఏముందో చెప్పగలిగిన మనిషి ఇంతవరకూ తేలలేదు. ఇరవై రెండేళ్ళ సంసారం తరవాత మొగుడు అప్పలసూరికి కూడా ఆ విద్య పట్టుబడలేదు. సముద్రం రంగు చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పగలడు గాని, పెళ్ళాం ముఖం చూసి ఈ పూట కూరేమిటో చెప్పలేడు.

ఇది ఆమె పుట్టుకతో తెచ్చుకున్న గుణం కాదు, రేవులో చేపలు కొని శ్రీకాకుళం వీధుల్లో అమ్ముకునేదాని వృత్తిధర్మం. తెల్లారుతుండగా పడవలు ఒడ్డెక్కేసరికి లక్ష్మణమ్మ ఇసకలో నిలబడి ఉంటుంది. కన్ను వంజరం మీద ఉన్న రోజున చెయ్యి చవక చేప కవళ్ళ గంప మీద ఉంటుంది. కవళ్ళని ఎత్తి చూస్తుంది, వాసన చూస్తుంది, ధర అడుగుతుంది. ఆ ధర విని, లోకంలో న్యాయం నశించిపోతున్నందుకు కాసేపు బాధపడుతుంది. చేతులు కడుక్కుని నాలుగడుగులు వేస్తుంది. అప్పుడు, దారికి అడ్డంగా పడుందని జాలిపడినట్టు వంజరం కేసి చూసి, ‘ఇదీ అమ్మకానికేనేటి?’ అంటుంది. అమ్మేవాడు ఆ క్షణానికే సగం ఓడిపోయి ఉంటాడు.

కొనేదాన్ని ఎన్నడూ మొదట అడగకూడదన్నది ఆమె సిద్ధాంతం. ఈ సిద్ధాంతం మీదే ఆమె చీరలు కొంది, మేకని కొంది, ఇంటికి శ్లాబు వేయించింది. అప్పలసూరిని చేసుకునే ముందు కూడా ఆమె నెలరోజులపాటు అతని అన్న గురించే వాకబు చేసిందని పేటలో ఒక కథ ఉంది. అప్పలసూరి ఆ కథని ఖండించడు. ఆలోచిస్తే అందులో తనకే ఎక్కువ గౌరవం ఉందని అతని అభిప్రాయం.

అటువంటి ఇంట్లో పుట్టిన అనితకు ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఆ ర్యాంకులో అంకెలు ఎన్ని అన్నది మర్యాదస్తులు అడగరు, మనమూ చెప్పం. ఇంజనీరింగు సీటుకి సరిపడా ఉంది, అంతే.

ర్యాంకు వచ్చిన మూడోనాటి నుంచి లక్ష్మణమ్మ ఫోను మోగడం మొదలుపెట్టింది. అనిత ఫోనుకి అద్దం పగిలి, గొంతు పోయి ఉండడంతో దరఖాస్తులో తల్లి నంబరే ఇచ్చింది. హైవే పక్కనున్న ఒక కాలేజీవాళ్ళు పూటకోసారి పిలిచి, ఏసీ బస్సులున్నాయనీ, గాజు గోడలున్నాయనీ, హాస్టల్లో పదహారు రకాల టిఫిన్లున్నాయనీ చెప్పారు. మాట మాటకీ లక్ష్మణమ్మని మేడమ్ అన్నారు. ఆమెకు అక్కడే అనుమానం వచ్చింది. సరుకు తాజాగా ఉన్నవాడు కొనేవాళ్ళని మేడమ్ అనడం ఆమె ఏ రేవులోనూ చూడలేదు.

ఆ కాలేజీని తీసేస్తే మిగిలినవి రెండు. ఒకటి ఎచ్చెర్లలో యూనివర్సిటీ. ఒక ఆటో, ఒక బస్సు ఎక్కితే చేరుకోవచ్చు, సాయంత్రానికి ఇల్లు చేరుకోవచ్చు. రెండోది విజయనగరంలో సర్కారు కాలేజీ. అక్కడైతే హాస్టల్లో ఉండాలి. అనితకు విజయనగరంలో ఈసీఈ చదవాలని ఉంది. అక్కడి ల్యాబులు బాగుంటాయని ఆమె పైకి చెప్పిన కారణం. చెప్పనిది ఇంకొకటుంది. గుల్లలపేటలో ఆ ఇల్లు తెల్లవారుజామున మూడింటికే లేస్తుంది. గంపలు, ఐసు, అరుపులు. ఆరింటి దాకా నిద్రపోవడం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆ పిల్లకి పదిహేడేళ్ళుగా ఉన్న కోరిక.

లక్ష్మణమ్మ హాస్టళ్ళ మీద విచారణ జరిపించింది. ఇందుకామె ఇంటర్నెట్టును ఆశ్రయించలేదు. విజయనగరంలో ఆమె పెద్దమ్మ కూతురు నారాయణమ్మ చేపలమ్ముతుంది. ఏ హాస్టలు వంటవాడు ఏ వేళకి వచ్చి ఏ చేప కొంటాడో ఆమెకు కంఠోపాఠం. హైవే కాలేజీ హాస్టలువాడు దీపాలు పెట్టే వేళ వచ్చి, మిగిలిపోయినది బేరమాడకుండా ఎత్తుకుపోతాడట. సర్కారు హాస్టలు వంటవాడు సోములు పొద్దున్నే వచ్చి, ప్రతి చేపకీ చెంప ఎత్తి మొప్పల ఎరుపు చూస్తే గాని గంప ముట్టడట. ఆ తరవాత గంటసేపు పేచీ పెడతాడట.

“ఆడు మనిసి కాడు, అప్పా. పీక్కు తింటాడు” అంది నారాయణమ్మ ఫోనులో.

దానితో ఆ హాస్టలు మీద లక్ష్మణమ్మకు గురి కుదిరింది. అయినా ఒక బుధవారం అనితను వెంటబెట్టుకుని వెళ్ళింది. కూతురు ల్యాబులు చూస్తున్నంతసేపూ తల్లి వంటగది వెనక నిలబడి, పారేసిన ముళ్ళు చూసింది. తిరిగి బస్సెక్కాక ‘పరవానేదు’ అంది. ఆమె నోటివెంట అంతకు మించిన పొగడ్త అప్పటికీ ఇప్పటికీ రాలేదు.

ఆ శుక్రవారం అనిత తల్లి ఫోను పట్టుకుని శ్రీకాకుళం వెళ్ళి, ఏడురోడ్ల కూడలి దగ్గర ధనరాజ్ నెట్ సెంటర్లో కూర్చుని వెబ్ ఆప్షన్లు పెట్టుకుంది. ఇష్టమైన కాలేజీలను వరసగా కంప్యూటరుకి చెప్పుకోవడం అన్నమాట. మొదట విజయనగరం ఈసీఈ పెట్టింది. తరవాత అక్కడివే మరి మూడు బ్రాంచీలు, అయిదోది ఎచ్చెర్ల, ఇంకా దిగువన చిల్లరవి. ప్రింటు తీసుకుని, వెనకాల పాస్‌వర్డు రాసుకుని ఇంటికొచ్చింది.

లక్ష్మణమ్మ ఆ కాగితం తిరగేసి, మొదట ఏది పెట్టావని అడిగింది. విజయనగరమని చెప్పగానే ఆమె కాగితం కింద పెట్టేసింది.

“మొట్టమొదలే సెప్పీసినావా? అడగ్గానే?”

కంప్యూటరు ర్యాంకు చూస్తుంది గాని ముఖం చూడదని అనిత నవ్వుతూ చెప్పింది. లక్ష్మణమ్మ మరి మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆమె ఊరుకున్నదంటే ఒప్పుకున్నట్టు కాదని మేకకి కూడా తెలుసు. ఆ పూట సంతోషంలో అనిత మరిచిపోయింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి లక్ష్మణమ్మ నెత్తిన గంపతో ధనరాజ్ సెంటరు ముందు దిగింది. గంపని గుమ్మం పక్కన దించి, కాగితమూ ఫోనూ అతని బల్ల మీద పెట్టింది. మొదటున్నదాన్ని అయిదో చోటికీ, అయిదో చోటున్నదాన్ని మొదటికీ మార్చమంది. మధ్యలో ఉన్న విజయనగరం బ్రాంచీలను కూడా ఎవరికీ కనపడకుండా ఇంకాస్త కిందికి తొయ్యమంది.

ధనరాజ్ మంచివాడు. ఇలా పెడితే బాగోదేమోనని రెండుసార్లు అన్నాడు.

“నువ్వెప్పుడైనా సేపలమ్మినావేటి, నాయినా?” అంది లక్ష్మణమ్మ.

అతను అమ్మలేదు. ఆ సంగతి ఒప్పుకున్నాక అతనికి వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఓటీపీ వచ్చింది, అంకెలు పడ్డాయి, పని అయిపోయింది. లక్ష్మణమ్మ గంపెత్తుకుని, కన్నబిడ్డకి చెయ్యవలసిన ఉపకారం చెప్పకుండా చేసిన తల్లి నడిచినట్టు నడిచి వెళ్ళింది. విజయనగరం ఇక ఎంత గట్టిది అయినా సరే, తనకి దాని మీద ఆశ ఉందని ఎవడూ కనిపెట్టలేడు.

ఈ ధీమా మూడు రోజులు నిలిచింది.

పాలకొండ రోడ్డు పక్క వీధిలో చంద్రశేఖరం మాస్టారని రిటైరైన లెక్కల లెక్చరరు ఉన్నారు. ఆయన భార్య లక్ష్మీకామేశ్వరి పిల్లలకు వీణ చెబుతుంది. చేప పేరు కూడా వంటింట్లో వినపడని ఇల్లు అది. అయినా పన్నెండేళ్ళుగా లక్ష్మణమ్మ ఏ రోజూ ఆ గేటు దాటిపోలేదు. పదిన్నరకి గన్నేరు నీడలో గంప దించి, లక్ష్మీకామేశ్వరి ఇచ్చిన మంచినీళ్ళు తాగి, వీధి కబుర్లు అప్పజెప్పి వెళ్ళడం రివాజు. ఆ మంగళవారం మాస్టారు పేపరు మడిచి, మీ అమ్మాయి ఆప్షన్లు సరి చూసుకుందా, మార్చుకోవడానికి ఇవాళే ఆఖరని చెప్పారు. అవసరమే లేదని లక్ష్మణమ్మ గర్వంగా తాను చేసిన ఏర్పాటు వివరించింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఇంత తప్పుగా, ఇంత పద్ధతిగా చేసిన లెక్క ఆయన చూసి ఉండరు.

“చూడు, లక్ష్మణమ్మా. ఆ కంప్యూటరు నీ కాగితం పైనుంచి చదువుతుంది. మొదటిది ఇవ్వగలిగితే ఇచ్చేసి, కాగితం మూసేస్తుంది. అయిదోదాకా రానే రాదు.”

“అడిగినదే ఇచ్చీస్తాదా? బేరం నేకండా?”

“బేరం లేదు.”

“ఈలు ఏటి యాపారం సేస్తన్నారు, బాబూ, అలగైతే” అంది లక్ష్మణమ్మ. అనిత ర్యాంకుకి ఎచ్చెర్ల సీటు రావడం ఖాయమని మాస్టారు తేల్చారు. ఖాయమన్న మాట ఆయన తేలిగ్గా వాడే మనిషి కాదు.

నీళ్ళ చెంబు అలాగే గట్టు మీద పెట్టి ఆమె లేచింది. ఏడురోడ్ల కూడలికి నడిచి వెళ్ళాలంటే గంపతో అరగంట. మాస్టారు ఏమనుకున్నారో, లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని స్కూటరు బయటికి తీశారు. మరి గంప? ఎండ, కాకులు, ఎదురింటి పిల్లులు. లక్ష్మీకామేశ్వరి ఒక క్షణం ఆలోచించి, గొడుగు తెచ్చుకుని, గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చుంది.

“మీరు వెళ్ళిరండి. నేను చూస్తుంటాను. ముట్టుకోను గాని చూస్తాను” అంది.

ఆ విధంగా శ్రీకాకుళం పట్టణం ఆ ఉదయం రెండు దృశ్యాలు చూసే భాగ్యానికి నోచుకుంది. ఒకటి, విభూతిరేఖలతో చంద్రశేఖరం మాస్టారు స్కూటరు తోలుతుండగా వెనక లక్ష్మణమ్మ కూర్చుని వెళ్ళడం. రెండోది, వీణ టీచరు గొడుగు పట్టుకుని వంజరానికి కాపలా కాయడం. మొదటిదాన్ని చూసి మాస్టారి పాత శిష్యులు ముగ్గురు రోడ్డు మీదే నమస్కారం పెట్టారు. ఆయన చెయ్యి ఎత్తలేక తల మాత్రం ఊపారు.

నెట్ సెంటర్లో ఆ రోజు జనం తిరనాళ్ళలా ఉన్నారు. ఆప్షన్లు మార్చుకోవాలన్న జ్ఞానోదయం జిల్లా అంతటికీ ఆఖరి రోజునే అయినట్టుంది. వాళ్ళ వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. ధనరాజ్ పేజీ తెరిచాడు. ముందు పిల్లని అడగవలసిందని మాస్టారన్నారు. సీటు ఆమెది, చెప్పకుండా చెడగొట్టినది చెప్పకుండా బాగుచెయ్యడం కూడా పద్ధతి కాదని ఆయన ఉద్దేశం. లక్ష్మణమ్మ ఫోను చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. చివరికి అప్పలసూరి ఫోనుకి కలిపి, అనితని పిలవమంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా దిద్దలేదు.

లక్ష్మణమ్మ అరుపుకి సిద్ధపడి నిలబడింది. అనిత అరవలేదు. ఎంతయినా ఆమె కూడా ఆ రేవు పిల్లే.

“దొంగ బేరానికైతే ఆ హైవే కాలేజీ పెట్టాలి గదా, అమ్మా. అక్కర్నేనిదే గదా మొదట అడుగుతావు నువ్వు. ఎచ్చెర్ల ఎందుకు పెట్టినావు?”

ఈ ప్రశ్న లక్ష్మణమ్మ తనకి తాను వేసుకోలేదు. ఇప్పుడు వేసుకుని చూసింది. సెంటర్లో ఫ్యాను తిరుగుతోంది. వెనక ఎవరో త్వరగా కానిమ్మంటున్నారు.

“సందేళకి ఇంటికొచ్చీగలవని” అంది.

ఈసారి అనిత గొంతు కొంచెం తగ్గింది.

“అయితే నీకు ఎచ్చెర్ల గావాలా?”

“గావాలి” అంది లక్ష్మణమ్మ. “కాని సదివేది నాను కాదు గదా.”

“మరి సదివేదానికి ఏటి గావాలో ధనరాజ్ అన్నయ్యకి నువ్వే సెప్పు. నాకు ఇనపడేలాగ సెప్పు.”

ఇరవై రెండేళ్ళ వ్యాపారంలో ఆమె ఏ అంగట్లోనూ, ఏ రేవులోనూ తనకి కావలసినదాని పేరు మొదట పలకలేదు. నోరు తిరగడానికి కొంచెం సమయం పట్టింది. తిరిగాక మాత్రం, వీధుల్లో చేపలు కేకేసే గొంతు కనక, బయట ఆటోవాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు.

“విజయనగరం. ఈసీఈ. మొదటిది” అంది. ఆ తరవాత, “నా ఎచ్చెర్ల అయిదోది” అంది.

మొదటి ఓటీపీ వచ్చేసరికి దాని గడువు తీరిపోయింది. రెండోది మాస్టారు బిగ్గరగా చదివి ముగించేలోగా అదీ తీరిపోయింది, మూడోది ధనరాజే చూసుకుంటానన్నాడు. ఒంటిగంటకి వరస సరిగా కూర్చుంది. మాస్టారు తెరకి ముఖం ఆనించి ఒకటికి రెండుసార్లు సరిచూశారు. పరీక్షపేపరు దిద్దినట్టు, చివర తల పంకించారు.

తిరిగి వెళ్ళేసరికి గంప సగం ఖాళీ అయి ఉంది. చుట్టుపక్కలవాళ్ళు రోజులాగే కొనడానికి వచ్చారట. లక్ష్మీకామేశ్వరి వాళ్ళనే చేప తీసుకోమంది, వాళ్ళనే తూచుకోమంది, రోజూ ఇచ్చే ధరే చెంబులో వెయ్యమంది. వీణ టీచరు చూస్తుండగా బేరమాడడానికి ఆ వీధిలో ఎవరికీ నోరు రాలేదు. లక్ష్మణమ్మ చెంబు ఖాళీ చేసుకుని వెళ్ళి, ఆ రాత్రి మొగుడికి ఒక విషయం చెప్పింది. ఆ అమ్మగారు మన కులంలో పుట్టుంటే రేవు రేవంతా ఆవిడ చేతికిందే ఉండేదని.

తొమ్మిదో రోజున ఫోనుకి మెసేజీ వచ్చింది. విజయనగరం, ఈసీఈ. అప్పలసూరి ఆ ఫోను పట్టుకుని పడవ పడవకీ వెళ్ళి మెసేజీ చదివి వినిపించాడు. అది ఇంగ్లీషులో ఉంది, అతనికి ఇంగ్లీషు రాదు. అయినా ఎక్కడా తడుముకోలేదని విన్నవాళ్ళు చెప్పారు.

హాస్టల్లో చేర్చే రోజున లక్ష్మణమ్మ తిన్నగా వంటగదిలోకి వెళ్ళి సోములుని పలకరించింది. అతను కొన్న కానాగంతలకి చెంపలెత్తి చూసింది. ఎర్రగా ఉన్నాయి. బియ్యం చూసింది, పప్పు చూసింది, బావి మూత చూసింది. ఎక్కడా వంక దొరకలేదు. ఆమె బయటికొచ్చినప్పుడు కొంచెం దిగులుగా ఉంది. వంక ఒకటి ఉండి ఉంటే, వారానికోసారి వచ్చి దాని అంతు చూసే హక్కు తల్లికి ఉండేది.

అనితకు పై అంతస్తులో గది వచ్చింది. ముగ్గురికి ఒక గది. కిటికీ పక్క మంచం తనకి కావాలని మిగతా ఇద్దరితో చెప్పి, దుప్పటి పరిచేసుకుంది. మంచం మీద కూర్చుని చూసింది. తరవాత పడుకుని చూసింది. కళ్ళు మూసుకుని కూడా చూసింది. అప్పలసూరి పక్కనే నిలబడి, పడవలో అయితే ఇంత జాగాలో నలుగురు పడుకుంటారని అన్నాడు.

కింద ఆఫీసు గదిలో వార్డెను భారతి మేడమ్ పుస్తకంలో పేర్లు రాసుకుంటోంది. పిల్లల్ని చూడడానికి నెలలో రెండో ఆదివారం రావచ్చని, అది తప్ప వేరే రోజుల్లో కుదరదని చెప్పింది. తల్లిదండ్రుల సంగతి ఆమెకు బాగా తెలుసు. ఆవకాయ తెచ్చామంటారు, మందు మరిచిపోయిందంటారు, సర్టిఫికెట్టు మీద సంతకం కావాలంటారు. అన్నిటికీ ఆమె దగ్గర సమాధానాలున్నాయి. మేడ దిగి వచ్చిన మొగుడూ కూతురూ వెనక ఉండగా లక్ష్మణమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“వారం వారం వస్తాను, మేడమ్. నాకు నా పిల్లని సూడాలనుంటాది” అంది.

మేడమ్ కలం కింద పెట్టి ఆమె కేసి చూసింది. పిల్ల నేల చూపులు చూసింది. అప్పలసూరి పెళ్ళాం ముఖంలోకి చూసి, అందులో ఉన్నదేమిటో మొదటిసారి తేటగా కనపడేసరికి కంగారుపడి గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

“ఆదివారం నీ యాపారం ఏటవుతాది?” అంది అనిత మెల్లగా. చేపలకి ఆదివారమే అసలైన బేరం. ఆ ఒక్క రోజు అమ్మకం మామూలు మూడు రోజుల అమ్మకంతో సమానం.

“మీ నాన్న అమ్ముతాడు” అంది లక్ష్మణమ్మ. అప్పలసూరి క్యాలెండరు నుంచి తిరగలేదు.

రూలంటే రూలేనని, నెలకొక్కసారేనని మేడమ్ గొంతు సవరించుకుని చెప్పింది. లక్ష్మణమ్మ అరచెయ్యి బల్ల మీద ఆనించి, ఆమెకు ఎదురుగా ఉన్న కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

“నాను నాలుగన్నాను. నువ్వొకటంటన్నావు. నడీమద్దె దగ్గర తెగ్గొట్టు, తల్లీ.”

రెండో ఆదివారమూ నాలుగో ఆదివారమూ అని రాయడానికి మేడమ్‌కి ఇరవై నిమిషాలు పట్టింది. అందులో పదిహేను నిమిషాలు మేడమే మాట్లాడింది. రాసిన చోట లక్ష్మణమ్మ చేత సంతకం పెట్టించుకుని, పుస్తకం మూయబోయింది.

“ఉండండి, మేడమ్” అంది లక్ష్మణమ్మ. “అయిదు ఆదివారాలొచ్చిన నెల సంగతేటి?”